ఉన్న విండోస్‌నే లైనక్స్‌లో వర్చువల్ మెషిన్‌గా నడపడం: సమస్యలు - పరిష్కారాలు

గుంటూరులో మా బావగారికి డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తారు. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్యాలీ, పదిహేనేళ్లుగా పేరుకున్న ఫైళ్లు, అన్నీ ఆయన విండోస్ 10లోనే ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది కదా అని, ఇంటర్నెట్ పనులకు పక్కన ఇంకో డిస్క్‌లో ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించి ఇచ్చాను. రోజుకు పదిసార్లు రీస్టార్ట్ చేస్తూ అటూ ఇటూ తిరగడం ఆయన వల్ల కాలేదు. "ఆ పాత విండోస్‌ను కదపకుండా, ఇందులోనే ఓ కిటికీలో తెరుచుకునేలా చేసిపెట్టవోయ్" అన్నారు.

అలా చేయొచ్చు. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. డిస్క్‌లో ఉన్న విండోస్‌నే వర్చువల్ మెషిన్‌కు, అంటే లైనక్స్ లోపల సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే ఉత్తుత్తి కంప్యూటర్‌కు, అప్పగిస్తే అది అక్కడే బూట్ అవుతుంది. కావాలంటే రేపు రీస్టార్ట్ చేసి అదే విండోస్‌ను నేరుగా కూడా వాడుకోవచ్చు. కాకపోతే విండోస్ కళ్లు తెరిచేసరికి చుట్టూ వేరే మదర్‌బోర్డు, వేరే డిస్క్ కంట్రోలర్, వేరే గ్రాఫిక్స్ ఉంటాయి. కింద రాసిన తిప్పలు చాలావరకు దీనివల్ల వచ్చేవే. నేను వాడేది కేవీఎం (లైనక్స్‌లోనే ఉండే వర్చువల్ మెషిన్ సదుపాయం), దాన్ని తెర మీద నడిపించే వర్ట్ మేనేజర్ అనే ప్రోగ్రామ్. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ వర్చువల్‌బాక్స్, అందులో తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

మొదలుపెట్టక ముందు

బ్యాకప్ తీసుకోండి. ఇక్కడ పని చేసేది ఇమేజ్ ఫైల్ (మొత్తం డిస్క్‌ను ఒకే ఫైల్‌గా దాచింది) మీద కాదు, అసలు డిస్క్ మీద. పొరపాటు జరిగితే స్నాప్‌షాట్‌కు (ముందు దాచుకున్న స్థితికి) వెనక్కి వెళ్లే వీలుండదు.

వర్ట్ మేనేజర్‌లో కొత్త మెషిన్ చేసేటప్పుడు, ఉన్న డిస్క్ ఇమేజ్‌ను ఇంపోర్ట్ చేసే ఆప్షన్ ఎంచుకుని, ఫైల్ బదులు డిస్క్ డివైస్ పాత్ ఇవ్వాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు ఇవ్వకండి. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే ఆ పేర్లు తారుమారు కావచ్చు. డెవ్ ఫోల్డర్ లోపల డిస్క్, దాని లోపల బై-ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో కంపెనీ పేరు, సీరియల్ నంబర్‌తో కనిపించేదే ఇవ్వండి. డిస్క్ క్యాష్ మోడ్ 'నన్' పెట్టండి.

మెషిన్ ఆన్ చేస్తే బూట్ చేసే డివైస్ ఏదీ లేదంటోంది

మీ విండోస్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, వర్చువల్ మెషిన్ మాత్రం పాత బయోస్‌తో మొదలై ఉంటుంది. ఈ రెండూ కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లు, అంటే ఫర్మ్‌వేర్. గత పదేళ్లలో విండోస్‌తో వచ్చిన కంప్యూటర్లన్నీ దాదాపు యూఈఎఫ్‌ఐవే. వర్ట్ మేనేజర్‌లో చివరి పేజీలో 'ఇన్‌స్టాల్‌కు ముందు కాన్ఫిగరేషన్ మార్చు' అనే టిక్ ఉంటుంది. అది పెట్టి, ఫర్మ్‌వేర్ దగ్గర యూఈఎఫ్‌ఐ ఎంచుకోవాలి. మెషిన్ తయారయ్యాక మార్చడానికి కుస్తీ పట్టడం కంటే దాన్ని తీసేసి మళ్లీ చేసుకోవడం తేలిక. తీసేసేటప్పుడు మాత్రం 'స్టోరేజ్ ఫైళ్లను కూడా డిలీట్ చెయ్యి' అనే టిక్ తీసెయ్యండి. అక్కడున్నది మీ అసలు డిస్క్!

యూఈఎఫ్‌ఐ పెట్టినా రాకపోతే, కొత్త ఫర్మ్‌వేర్‌కు విండోస్ బూట్ మేనేజర్ ఎక్కడుందో తెలియడం లేదన్నమాట. అసలు కంప్యూటర్‌లో ఆ చిరునామా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది, డిస్క్‌తో పాటు రాదు. మెషిన్ మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కితే ఫర్మ్‌వేర్ మెనూ వస్తుంది. అందులో బూట్ మెయింటెనెన్స్ మేనేజర్, ఆ తర్వాత 'బూట్ ఫ్రమ్ ఫైల్'. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగంలో) ఈఎఫ్‌ఐ, మైక్రోసాఫ్ట్, బూట్ అని ఒకదాని లోపల ఒకటి ఫోల్డర్లు ఉంటాయి. చివరి దాంట్లో బూట్‌ఎమ్‌జీఎఫ్‌డబ్ల్యూ అనే ఫైల్‌ను ఎంచుకుంటే విండోస్ లేస్తుంది. అదే మెనూలో దాన్ని బూట్ ఆప్షన్‌గా చేర్చేస్తే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

విండోస్ బదులు లోపల గ్రబ్ మెనూ వచ్చింది

ఏ సిస్టమ్‌ను బూట్ చేయాలో అడిగే లైనక్స్ మెనూయే గ్రబ్. ఇక్కడ కాసేపు ఆగాలి. మిగతావి తప్పితే టైమే పోతుంది, ఇది తప్పితే డేటా పోతుంది.

నా ల్యాప్‌టాప్‌లో ఒకటే డిస్క్, అందులోనే ఉబుంటు, విండోస్ రెండూ. మొత్తం డిస్క్‌ను వర్చువల్ మెషిన్‌కు ఇచ్చేశాను. లోపల గ్రబ్ మెనూ వచ్చింది. టీ తాగుతూ చూసుకోకుండా వదిలేశాను. పది సెకన్లలో అదంతటదే మొదటి లైను ఎంచుకుంది, అంటే ఉబుంటు. బయట నడుస్తున్న ఉబుంటునే లోపల రెండోసారి బూట్ అయింది. ఒకే ఫైల్ సిస్టమ్ మీద, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు కెర్నల్‌లు (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌లు) రాయడం మొదలుపెట్టాయి. ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఎవరికి వారు కూడికలు వేసినట్టు. నిమిషంలో బయటి ఉబుంటు రీడ్-ఓన్లీ అయిపోయింది. రీస్టార్ట్ చేశాక రిపేర్ ప్రోగ్రామ్ అడిగిన ప్రతిదానికీ అవునన్నాను. మిగిలినవన్నీ లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో తేలాయి. చివరికి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నాను.

లోపల గ్రబ్ కనిపించగానే చేయాల్సింది ఒకటే: మెషిన్‌ను ఫోర్స్ ఆఫ్ చేయడం. గ్రబ్ స్థాయిలో డిస్క్ మీద మార్పులు దాదాపు ఏమీ జరగవు కాబట్టి అప్పుడు ఆపేస్తే నష్టం ఉండదు.

విండోస్‌కు విడిగా డిస్క్ ఉంటే, దాని ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా ఆ డిస్క్‌లోనే ఉందో లేదో చూసుకుంటే చాలు. బావగారి షాపులో ఇలాగే ఉంది, అందుకే అక్కడ ఈ గొడవ రాలేదు. ఒకే డిస్క్ అయితే మొత్తం డిస్క్ ఇవ్వకండి. వర్చువల్‌బాక్స్‌లో రా డిస్క్ ఫైల్ తయారుచేసేటప్పుడు పార్టిషన్ నంబర్లు ఇచ్చే వీలుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్, మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, సీ డ్రైవ్, ఈ నంబర్లు ఇస్తే లైనక్స్ పార్టిషన్‌లలోని డేటా లోపలికి కనిపించదు. పార్టిషన్ టేబుల్ నకలు ఇంకో చిన్న ఫైల్‌లో ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా పార్టిషన్ సైజులు మారిస్తే ఈ రెండు ఫైళ్లూ కొత్తగా చేసుకోవాల్సిందే. గ్రబ్ మాత్రం ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉంది కాబట్టి అప్పటికీ కనబడవచ్చు. కానీ లోడ్ చేయడానికి దానికి లైనక్స్ దొరకదు.

ఏ పద్ధతి అయినా, మెషిన్ ఆన్ చేసే ముందు సీ డ్రైవ్‌ను, లోపలికి ఇచ్చిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను లైనక్స్‌లో అన్‌మౌంట్ చేయాలి. ఫైల్ మేనేజర్‌లో ఒక క్లిక్‌తో సీ డ్రైవ్ మౌంట్ అయిపోతుంది, మనం మర్చిపోతాం. లోపల విండోస్ నడుస్తుండగా బయటి నుంచి అందులో ఒక్క ఫైల్ కాపీ చేసినా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పాడవ్వచ్చు.

నీలి తెర: ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్

విండోస్ లోగో వచ్చింది, చుక్కలు తిరిగాయి, ఆ వెంటనే నీలి తెర. విండోస్ తనకు అక్కర్లేని స్టోరేజ్ డ్రైవర్లను బూట్ సమయంలో లోడ్ చేయదు. అసలు కంప్యూటర్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ ఉండి, వర్చువల్ మెషిన్‌లో సాటా (డిస్క్‌ను కలిపే ఇంకో పద్ధతి) పెడితే సాటా డ్రైవర్ ఉన్నా నిద్రపోతూ ఉంటుంది. విర్టియో (వర్చువల్ మెషిన్‌ల కోసమే చేసిన పద్ధతి) పెడితే ఆ డ్రైవర్ అసలు ఉండనే ఉండదు.

ముందు డిస్క్ బస్‌ను సాటాకు మార్చండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది. అప్పటికీ నీలి తెరే వస్తే సేఫ్ మోడ్ మందు. సేఫ్ మోడ్‌లో విండోస్ ఏ డ్రైవర్ కావాలో ముందే తేల్చేసుకోకుండా స్టోరేజ్ డ్రైవర్లన్నీ ప్రయత్నిస్తుంది. కంప్యూటర్‌ను నేరుగా విండోస్‌లోకి బూట్ చేసి, ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి ఆపేయండి. ఇప్పుడు లైనక్స్‌లోకి వచ్చి వర్చువల్ మెషిన్ ఆన్ చేయండి. సేఫ్ మోడ్‌లో పైకి వచ్చాక ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మామూలుగా లేస్తుంది.

వేగం కోసం విర్టియో కావాలనుకుంటే తొందరపడి మెయిన్ డిస్క్‌ను మార్చకండి. సాటాలోనే ఉంచి, పక్కన 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి విర్టియో బస్‌తో తగిలించండి. విర్టియో-విన్ ఐఎస్‌ఓ పెట్టి డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ చిన్న డిస్క్ కనిపించిందంటే డ్రైవర్ మేలుకున్నట్టే. అప్పుడు ఆపేసి మెయిన్ డిస్క్‌ను విర్టియోకు మార్చండి.

పిన్ కొడితే తీసుకోవడం లేదు, 48 అంకెల కీ అడుగుతోంది

ఈ రెండింటికీ మూలం టీపీఎం చిప్, అంటే కంప్యూటర్‌లో రహస్య కీలు దాచే చిప్. విండోస్ పిన్ ఆ చిప్‌తో ముడిపడి ఉంటుంది. వర్చువల్ మెషిన్‌లో ఆ చిప్ లేదు, లేదా వేరేది ఉంది. కాబట్టి పిన్ పనిచేయదు, పాస్‌వర్డ్ కావాలి. ఏళ్ల తరబడి పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లకు పాస్‌వర్డ్ గుర్తుండదు. అందుకే ముందే నేరుగా విండోస్‌లోకి వెళ్లి ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి చూసుకోండి. సేఫ్ మోడ్‌లో నెట్ కూడా ఉండకపోవచ్చు, అక్కడికి వెళ్లాక టెన్షన్ పడి లాభం లేదు.

నీలం స్క్రీన్ మీద రికవరీ కీ అడిగితే అది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం వేసే (ఎన్‌క్రిప్షన్) విండోస్ సదుపాయం. విండోస్ 11తో వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం అడక్కుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే రాసిపెట్టుకోండి. రోజూ వాడేదైతే ప్రతిసారీ 48 అంకెలు కొట్టలేరు, ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసుకోవడమే దారి. అయితే బయట తిప్పే ల్యాప్‌టాప్‌లో అలా చేయమని నేను చెప్పను. పోగొట్టుకుంటే డేటా ఎవరి చేతిలోనైనా తెరుచుకుంటుంది.

విండోస్ హైబర్నేట్ అయి ఉంది, సీ డ్రైవ్ తెరుచుకోనంటోంది

లైనక్స్ ఈ మాట చెప్తే వర్చువల్ మెషిన్ కూడా ఆన్ చేయకండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు. కెర్నల్ స్థితిని డిస్క్ మీద దాచి పడుకుంటుంది. ఒక కంప్యూటర్‌లో పడుకున్న విండోస్‌ను ఇంకో హార్డ్‌వేర్ మీద లేపితే క్రాష్ తప్పదు. నేరుగా బూట్ చేసి, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. హైబర్నేషన్ కూడా ఆపేస్తే మేలు. వర్చువల్ మెషిన్‌ను కూడా 'సేవ్' చేసి వదలకండి. అలా సేవ్ చేసి ఉండగా అదే విండోస్‌ను నేరుగా బూట్ చేసి, మళ్లీ సేవ్ చేసిన స్థితి నుంచి మొదలుపెడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పాడవుతుంది.

నత్తలా నడుస్తోంది

మొదట బయోస్ సెటప్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అనీ, ఏఎండీలో ఎస్‌వీఎం అనీ ఉంటుంది. అది లేకపోతే కేవీఎం పనిచేయదు, అంతా సాఫ్ట్‌వేర్‌లో లాగుతూ ఉంటుంది.

బావగారి దగ్గర అది ఆన్‌లోనే ఉంది. నాలుగు కోర్లు ఇచ్చాను, అయినా పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి టీ తాగి రావచ్చు. టాస్క్ మేనేజర్ చూస్తే ఒక్క కోరే కనిపిస్తోంది. కొన్ని సెటప్‌లలో నాలుగు వర్చువల్ సీపీయూలు ఇస్తే అవి నాలుగు విడి సాకెట్లుగా వెళ్తాయి. విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌ను, ప్రో రెండింటిని మాత్రమే వాడుకుంటుంది. సీపీయూ సెట్టింగ్స్‌లో టోపాలజీని చేత్తో మార్చి, సాకెట్లు 1, కోర్లు 4 అని పెట్టగానే మనిషి మొహంలో వెలుగొచ్చింది.

గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంది

విండోస్ మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంగా చదువుతుంది, లైనక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. మన దగ్గర తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. వర్చువల్ మెషిన్ ఎక్స్‌ఎంఎల్‌లో (దాని సెట్టింగ్స్ ఫైల్‌లో) క్లాక్ ఆఫ్‌సెట్‌ను లోకల్‌టైమ్ అని పెడితే సరిపోతుంది. డ్యుయల్ బూట్ కోసం ఇదివరకే రిజిస్ట్రీలో విండోస్‌ను యూటీసీకి మార్చి ఉంటే మాత్రం యూటీసీనే ఉంచాలి. లేకపోతే ఈసారి ఐదున్నర గంటలు ముందుకు పరిగెడుతుంది. జీఎస్‌టీ బిల్లుల మీద తేదీ తప్పు పడ్డాక కంటే ముందే చూసుకోవడం నయం.

చిల్లర గొడవలు

నెట్ రాకపోతే నెట్‌వర్క్ కార్డును ఈ1000ఈకి మార్చండి, దాని డ్రైవర్ విండోస్ 10లోనే ఉంది. స్క్రీన్ చిన్నగా ఉండిపోతే లోపలి విండోస్‌లో స్పైస్ గెస్ట్ టూల్స్ అనే డ్రైవర్ల ప్యాకేజీ వేయండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ప్రింటర్ లాంటివి యూఎస్‌బీ హోస్ట్ డివైస్‌గా చేర్చితే లోపలికి వెళ్తాయి. 'యాక్టివేట్ విండోస్' అని మూలన కనిపిస్తే, హార్డ్‌వేర్ మారిందని అది గుర్తుపట్టిందన్నమాట. నేరుగా బూట్ చేస్తే మామూలుగా పోతుంది. కంప్యూటర్‌తో వచ్చిన లైసెన్స్ ఆ కంప్యూటర్‌కే, వర్చువల్ మెషిన్‌ను విండోస్ షరతులు ఇంకో డివైస్‌గా లెక్కిస్తాయి.

వర్చువల్‌బాక్స్‌లో యాక్సెస్ డినైడ్ అని వస్తే మీ యూజర్‌కు ఆ డిస్క్ మీద హక్కు లేదు. డిస్క్ గ్రూపులో చేరిపొమ్మని చాలామంది చెప్తారు. అది అన్ని డిస్క్‌ల తాళాలూ ఇచ్చేసినట్టే. ఆ ఒక్క డిస్క్‌కే యూడెవ్ రూల్ (డివైస్‌ల మీద హక్కులు చెప్పే లైనక్స్ నియమం) రాసుకోండి. వీటీ-ఎక్స్‌ను వేరే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతోందని అంటే కేవీఎం మాడ్యూల్ అడ్డుపడుతోంది. లైనక్స్ 6.12 నుంచి ఆ మాడ్యూల్ లోడ్ అవగానే వీటీ-ఎక్స్‌ను తీసేసుకుంటుంది. మాడ్యూల్‌ను అన్‌లోడ్ చేస్తే దారి ఇస్తుంది.

ఇదంతా అక్కర్లేని వాళ్లు

విండోస్‌ను మళ్లీ నేరుగా బూట్ చేసే అవసరం మీకు నిజంగా ఉందా? గేమ్స్ ఆడేవాళ్లకు ఉంటుంది. ట్యాలీకి, అనూకి ఉండదు. అలాంటప్పుడు అసలు డిస్క్‌తో చెలగాటం ఎందుకు? ఖాళీ ఉన్న ఇంకో డిస్క్‌లోకి క్యూఈఎంయూ-ఇమేజ్ టూల్‌తో మొత్తాన్ని క్యూకౌ2 అనే రకం ఇమేజ్ ఫైల్‌గా మార్చుకోండి. ఖాళీ బ్లాకులు సున్నాలతో ఉంటే ఫైల్ చిన్నగానే వస్తుంది. గ్రబ్ భయం చాలావరకు పోతుంది, స్నాప్‌షాట్లు వస్తాయి, బ్యాకప్ అంటే ఒక ఫైల్ కాపీ చేయడమే.

బావగారికి చివరికి చేసింది ఇదే. పాత డిస్క్‌ను కవర్లో పెట్టి బీరువాలో దాచారు. రెండు వారాలకు ఆయన కుర్రాడు దాన్ని తీసి తగిలించి, అందులో మూడు పెళ్లి కార్డులు చేసి సేవ్ చేశాడు. అవి ఈ ఇమేజ్‌లో లేవు. వాటి కోసం ఓ పూటంతా వెతికాక, ఆ డిస్క్ మీద 'వాడరాదు' అని మార్కర్‌తో రాశాం.