చవక ఆయిల్ క్యాచ్ క్యాన్ బిగించే ముందు: ఇంజన్ ఊపిరి మూయకండి

పోయిన వారం మారతహళ్లిలో మా పక్క అపార్ట్‌మెంట్ తమ్ముడు అనంతపురం బయల్దేరాడు. అంతకు ముందు ఆదివారమే పాత పెట్రోల్ కారుకి ఆన్‌లైన్‌లో కొన్న చవక ఆయిల్ క్యాచ్ క్యాన్ తనే బిగించుకున్నాడు. ఇంజన్ లోంచి వచ్చే గ్యాస్‌లో కలిసిన నూనెను పట్టే చిన్న డబ్బా అది. దేవనహళ్లి దాటాక బానెట్ సందుల్లోంచి పొగ. తెరిచి చూస్తే డిప్‌స్టిక్ పైకి తన్నుకొచ్చింది, కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద నూనె చిమ్మి ఉంది. వెనక సీట్లో పసిపాప. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. మంట రాలేదు కానీ క్రాంక్ షాఫ్ట్ వెనక నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్ పోయింది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి.

అతను చేసిన తప్పు ఇంతకు ముందు ఇంకో రెండు బళ్లలోనూ చూశాను. ఇంజన్ పైమూత అయిన టాపెట్ కవర్‌కి ఉన్న రెండు గొట్టాల్లో ఒకటి అక్కర్లేదనుకుని బోల్టు దూర్చి మూసేశాడు. రెండోదానికి క్యాన్‌తో వచ్చిన సన్న పైపు తగిలించి, చోటు చాలక మడత పెట్టాడు.

ఏ ఇంజన్‌లోనైనా పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కిందికి దిగుతుంది. రింగులు అరిగిన పాత ఇంజన్‌లో ఇంకా ఎక్కువ. అది పీసీవీ వాల్వ్ (ఆ గ్యాస్‌ను వదిలే చిన్న కవాటం) గుండా తిరిగి ఇంజన్ గాలి పీల్చే దారి, అంటే ఇన్‌టేక్‌లోకి పోవాలి. క్యాన్ పని మధ్యలో నూనెను పట్టుకోవడం వరకే. గాలి మాత్రం ఆగకూడదు. ఆగితే లోపల ఒత్తిడి పెరిగి, ఏళ్ల తరబడి వేడికి గట్టిపడ్డ సీళ్లను తోసేస్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నా, ఇంజన్ ఊపిరి మూయకండి.

అసలు మీ బండికి క్యాన్ కావాలా? పాత పోర్ట్ ఇంజెక్షన్ (వాల్వుల ముందే, ఇన్‌టేక్ దారిలో పెట్రోల్ చిమ్మే) పెట్రోల్ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని పెట్రోలే కడుగుతుంది కాబట్టి లాభం తక్కువ. నూనె తాగే ఇంజన్‌కి ఇది మందు కాదు. ముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించండి, పీసీవీ వాల్వ్ మార్చండి. నన్నడిగితే చాలామందికి అక్కడితో సరిపోతుంది.

అయినా బిగిస్తానంటే, పైపు లోపలి వెడల్పు కంపెనీ పైపు కంటే తగ్గకూడదు. బెంగళూరు జేసీ రోడ్డులో నూనెకు తట్టుకునే హోస్ అని అడిగి కొనండి. రేడియేటర్ హోస్ నూనెకు ఉబ్బిపోతుంది. తెల్లటి ప్లాస్టిక్ పైపు వేడికి మెత్తబడి, ఇన్‌టేక్ లాగే బలానికి అతుక్కుపోతుంది. అదీ ఊపిరి మూయడమే.

క్యాన్‌ని బిగించే ముందు పెట్రోల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. చవకవాటిలో మరలు కోసినప్పటి లోహపు పొట్టు మిగిలి ఉంటుంది. ఖాళీ డబ్బాలా ఉందని లోపల ఇనుప పీచు కుక్కకండి. తెగిన పోగులు ఇంజన్‌లోకి పోతాయి.

ఎగ్జాస్ట్ దగ్గర క్యాన్ పెట్టొద్దు. ప్రతి కొసకూ క్లిప్ వేయండి. ఇన్‌టేక్‌కి కలిపిన క్యాన్ మీద బయటి గాలికి తెరుచుకునే చిన్న బ్రీదర్ ఫిల్టర్ ఉంచొద్దు, దొంగగాలి లాగి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) ఊగుతుంది. ఏ గొట్టానికీ బోల్టు కొట్టొద్దు.

బిగించాక ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, డిప్‌స్టిక్ తీసి, ఆ గొట్టం మూతికి పల్చటి రబ్బరు గ్లవ్ తొడగండి. లోపలికి పీల్చుకుంటే సరే. బుడగలా ఉబ్బితే ఊపిరి మూసుకుపోయినట్టే, బండి కదపొద్దు.

మొదటి నెల వారానికోసారి క్యాన్ మూత విప్పి చూడండి. బెంగళూరు చలి పొద్దుల్లో దగ్గర దూరాలే తిరిగే బండిలో నీళ్లు కలిసిన తెల్లటి జిగురు చేరుతుంది, క్యాన్ అనుకున్న దానికంటే ముందే నిండుతుంది. సగం దాకా రానివ్వద్దు. తీసినది మురికి కాలువలో పోయొద్దు, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

డీజిల్ బండి అయితే ఇంకా జాగ్రత్త. నిండిన క్యాన్‌లోని నూనెను ఇంజన్ లాక్కుంటే తాళం తీసినా ఆగకుండా దానంతటది పరుగెడుతుంది. బండి ఆపి, బ్రేక్ గట్టిగా తొక్కి, పై గేర్ వేసి క్లచ్ వదిలేయండి.

దారిలో ఆయిల్ లైట్ వెలిగినా, కాలిన నూనె వాసన వచ్చినా తర్వాతి టోల్ దాకా పోనివ్వకండి. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ముందు పిల్లల్ని దించండి.