గుండె బొమ్మ ఫోన్‌కి దొరకలేదు, ఇలా సరి చేశా

టెన్త్ పిల్లల కోసం గుండె బొమ్మ ప్రింట్ తీసి, ఫోన్ పెడితే దాని మీద త్రీడీ గుండె కొట్టుకునేలా ఏఆర్‌కోర్‌తో (కెమెరాలో కనిపించే వాటి మీద త్రీడీ బొమ్మలు చూపించే గూగుల్ సాఫ్ట్‌వేర్) చేశా, ఇంట్లో బానే వచ్చింది కానీ క్లాసులో అస్సలు రాలేదు, వచ్చినా వణికిపోయేది. రెండ్రోజులు కోడ్ మొత్తం వెతికా, తప్పు అక్కడ లేదు, కాగితంలో ఉంది. చిరగకూడదని లామినేషన్ చేయించా కదా, ట్యూబ్‌లైట్ వెలుగు దానిమీద పడి కెమెరాకి బొమ్మే కనపడట్లేదు. పైగా తెల్ల కాగితం మీద ఉత్త గీతల బొమ్మ, పట్టుకోడానికి గుర్తులే తక్కువ. బొమ్మని కెమెరా ఎంత బాగా గుర్తుపడుతుందో చెప్పే గూగుల్ వాళ్ల టూల్‌లో చూస్తే స్కోరు వందకి 40, వాళ్లేమో కనీసం 75 ఉండాలంటారు. గుండె గదులకి రంగులేసి, పేర్లు రాసి, లామినేషన్ లేకుండా మందపాటి మ్యాట్ పేపర్ మీద తీశా. ఇంకోటి, మొదట గుర్తుపట్టడానికి బొమ్మ కెమెరా ఫ్రేములో కనీసం 25 శాతం నిండాలి, అందుకే ఫోన్ దగ్గరగా పెట్టమన్నా. ఈసారి వెంటనే వచ్చింది, పిల్లలు కాగితం తిప్పి తిప్పి ఎడమ జఠరిక గోడ ఎందుకంత మందమని వాళ్లే అడిగారు, నాకెంత సంతోషమేసిందో!