గర్భిణులు మందుల అధ్యయనంలో చేరే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ పెద్దాసుపత్రి ఓపీ హడావుడిలో సంతకం పెట్టకండి. సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకుని చదవండి. తెలుగో, ఉర్దూనో, మీకు వచ్చిన భాషలోనే పత్రం అడగండి. భర్తో అత్తగారో సరేనంటే చాలదు, ఒప్పుకోవాల్సింది మీరే. సంతకమయ్యాక ఒక కాపీ మీ దగ్గర ఉండాలి.

సీటీఆర్ఐ (దేశంలో జరిగే మందుల అధ్యయనాల ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య, ఎథిక్స్ కమిటీ (అధ్యయనంలో చేరినవాళ్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) ఫోన్ నంబర్ రాసుకోండి. నంబర్ చెప్పడానికి నసిగితే ఆగిపోవడమే మేలు.

తొలి స్కాన్ రిపోర్టు తప్పక పట్టుకెళ్లండి, గర్భం ఎన్ని వారాలో దాన్నిబట్టే బాగా తెలుస్తుంది. నెలసరి సక్రమంగా రానివాళ్లకు చివరి నెలసరి తేదీని బట్టి వేసే లెక్క తప్పొచ్చు. ఏడో నెల దాటాక తీసే స్కాన్ మూడు వారాల దాకా అటూఇటూ కావచ్చు. వారాల లెక్క తప్పితే నెలలు నిండిన బిడ్డ కూడా నెలలు నిండని బిడ్డగా నమోదు కావచ్చు.

వాడుతున్న మాత్రలన్నీ, నాటు మందు సహా, సంచీలో వేసుకెళ్లి చూపించండి. (థైరాయిడ్ మాత్రకూ ఐరన్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి, చాలామంది రెండూ కలిపి మింగేస్తారు.)

కాన్పుకు కరీంనగరో నల్గొండో పుట్టింటికి వెళ్తారా? ముందే చెప్పండి. అక్కడ కాన్పయితే బిడ్డ బరువు, బొడ్డుతాడు రక్తం నమూనా ఎవరు తీసుకుంటారో తేల్చుకోండి.

ఇంకా అడగాల్సినవి: మందులేని ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశముందా? రక్తం ఎన్నిసార్లు, ఎన్ని మిల్లీలీటర్లు తీస్తారు? దారిఖర్చులు ఇస్తారా? అధ్యయనం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉంది. మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. కానీ మందు మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పి మానండి.