ఇంజనుకి ఊపిరి – నాలుగో పాఠం: ఫిల్టర్ కొనేముందు ఐదు మీటర్ల పైపు కొనండి

మూడో పాఠంలో ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్గు) గుచ్చి, ఇంటేక్ గాలి వేడిని ఫోన్లో చూడటం నేర్చుకున్నాం. గంటస్తంభం దగ్గర సాయంత్రం రద్దీలో ఐదు నిమిషాలు ఇరుక్కుని ఆ అంకె రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

నాది ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు, అంటే గాలిని నొక్కి ఇంజన్లోకి తోసే పంకా ఉన్నది. అందరిలాగే నేనూ ముందు ఎయిర్ ఫిల్టర్ కొనేసి తర్వాత ఆలోచించాను. కంపెనీ ఫిల్టర్ పెట్టె (ఎయిర్‌బాక్సు) పీకి, బానెట్ కింద ఓపెన్ కోన్, అంటే పెట్టె లేని శంకు ఆకారపు ఫిల్టర్ బిగించాను. ఈల లాంటి చప్పుడు, యాక్సిలరేటర్ వదిలితే బుస్సుమనే మోత. బండి ఎగిరిపోతోందనుకున్నాను. చెవికి వినిపించిందే తప్ప చక్రానికి దిగింది ఏమీ లేదని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు మీకు మిగల్చడానికే ఈ పాఠం.

ఒక చిన్న లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకోసారి తన కొలత నిండా గాలి పీలుస్తుంది. లీటరు ఇంజను 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3000 లీటర్లు. టర్బో ఒక బార్ బూస్ట్ (వాతావరణమంత అదనపు ఒత్తిడి) ఇస్తే దగ్గరదగ్గర దానికి రెట్టింపు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు ముప్ఫై. అంత గాలి పిడికిలంత స్నార్కెల్లోంచి (బయటి గాలిని పెట్టెలోకి తెచ్చే గొట్టం), మడతల కాగితంలోంచి రావాలి. ఎంతో కొంత అడ్డు తప్పదు. ఎంత అన్నదే ప్రశ్న.

దాన్ని కొలవడానికి మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక పైపు చాలు, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. సన్నది తీసుకోండి. ఒక చెక్కకి పైపుని యు ఆకారంలో కట్టండి, ఒక్కో కాలు అరమీటరు ఉండాలి. సగం దాకా నీళ్లు పోసి చిటికెడు కుంకుమ కలపండి. పైపు ఒక కొస తెరిచే ఉంచండి, రెండో కొస ఎయిర్‌బాక్సులో ఫిల్టర్ దాటాక ఉండే శుభ్రమైన వైపుకి వెళ్లాలి. అందుకు బాక్సు మూత పూర్తిగా విప్పి బయటికి తెచ్చాకే చిల్లు పెట్టండి. బండి మీదే డ్రిల్ పెడితే ఆ ప్లాస్టిక్ పొట్టు నేరుగా టర్బో రెక్కల్లోకి పోతుంది. చిల్లుకి రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకి పట్టే ఉంగరం) వేసి పైపు గట్టిగా దూర్చండి. సైలెన్సర్ వేడి తగలకుండా, బానెట్ కింద నలగకుండా ఎడమ అద్దం సందులోంచి లోపలికి తీయండి.

నేనిది కడుతుంటే మా వీధి చివర మెకానిక్ మావయ్య వచ్చి ఎర్రనీళ్లకేసి చూసి, ‘ఏటి బావూ, బండికి సెలైన్ ఎక్కిస్తన్నావేటి?’ అన్నాడు. తర్వాత పక్క సీట్లో కూర్చుని చెక్క పట్టుకున్నదీ ఆయనే. నడిపేవాళ్లు నీళ్లకేసి చూడకూడదు. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

తెల్లవారుజామున సాలూరు లారీలు ఇంకా బరువెక్కకముందు, ఖాళీ రోడ్డు చూసుకోండి. ఏసీ బ్లోయర్ ఆపండి, లేకపోతే బండి లోపలి గాలి ఒత్తిడి కొలతని చెడగొడుతుంది. రెండో గేరులో నిండా తొక్కి రెడ్‌లైన్ (ఇంజను చుట్ల పై హద్దు) దగ్గరికి తీసుకెళ్లి వదిలేయండి. మూడో గేరు వద్దు, వేగం హద్దు దాటిపోతుంది. పక్కనున్నవాళ్లు ఫోన్లో వీడియో తీస్తే, రెండు కాళ్లలో నీటిమట్టాల తేడా ఇంటికొచ్చాక తీరిగ్గా చదువుకోవచ్చు.

కంపెనీ పెట్టె తిరిగి బిగించి చూస్తే నాకు 24 సెంటీమీటర్లు వచ్చింది. చాలా పెద్దదనిపిస్తుంది. కానీ మన మీదున్న వాతావరణం మొత్తం 1033 సెంటీమీటర్ల నీటికి సమానం. 24ని దానితో భాగించండి: రెండు శాతం పైచిలుకు. కంపెనీ పెట్టెని పూర్తిగా తీసి పారేసినా నాకు మిగిలేది అంతే. టర్బో లేని బండికి వంద హార్స్‌పవర్ మీద రెండు పెరగొచ్చు. టర్బో బండిలో ఈసీయూ (ఇంజను కంప్యూటర్) ఎలాగూ అనుకున్న బూస్ట్ తెచ్చుకుంటుంది కాబట్టి, టర్బోకి శ్రమ తగ్గుతుంది, కాస్త ముందు లేస్తుంది, అంతే.

ఇంకో చిల్లు ఫిల్టర్‌కి ముందు, దుమ్ము వైపు పెట్టి మళ్లీ చూశాను. 15. అంటే ఫిల్టర్ వంతు తొమ్మిదే, మిగతాదంతా స్నార్కెల్, దాని వంపులూ. ఫిల్టర్ కోసం వేలు పోసినవాణ్ణి, ఇరుకంతా పది అంగుళాల ప్లాస్టిక్ గొట్టంలో ఉందని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. ఓపెన్ కోన్ ఉన్నప్పుడు గంటస్తంభం దగ్గర నాకు వచ్చింది 65 డిగ్రీలు. బయట 35. వేడెక్కితే గాలి పలచబడుతుంది. కెల్విన్లో అవి 338, 308. తేడా తొమ్మిది శాతం. రెండు శాతం కోసం వెళ్లి తొమ్మిది పోగొట్టుకున్నాను. రోడ్డు ఎక్కి పరుగందుకున్నాక కొంత తగ్గుతుంది నిజమే, టర్బో దాటిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కొంత వేడి లాగేస్తుంది కూడా. అయినా కదిలీ కదలగానే కావాల్సిన లాగుడు అక్కడే పోతుంది.

పెట్టెలోనే పట్టే కాటన్ ఫిల్టర్ గురించి రెండు మాటలు. కడిగి వాడుకోవచ్చు, నిజం. ఆరాక నూనె మడతల మీద సన్నటి గీతలా పడాలి, కారకూడదు. మా బావమరిది తన డీజిల్ బండికి తలకి రాసుకున్నట్టు రాశాడు. అది మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) తీగ మీద పేరుకుని గాలి లెక్క తప్పింది. ఆ సెన్సర్‌కని అమ్మే స్ప్రేతో, తీగకి చెయ్యి తగలకుండా కడిగితే కుదుటపడింది. టెక్కలి గ్రానైట్ క్వారీల దారిలో రోజూ తిరిగేవాళ్లయితే నా మాట విని కాగితం ఫిల్టరే ఉంచుకుని, త్వరగా మార్చుకోండి. ఆ దుమ్ము సిలిండర్ని ఉప్పుకాగితంలా గీస్తుంది.

బంపర్ కిందికి దించే కోల్డ్ ఎయిర్ ఇంటేక్‌ని నేను మన వైపు పెట్టనివ్వను. తుఫాను రోజు రైలు బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లు ఒక్క గుక్క తాగితే చాలు. నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఏ మార్పుకైనా ముందు వారంటీ కాగితాలు చదవండి, బీమావాళ్లకి చెప్పండి. బండిలో మార్పులకి హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒకటుంది.

ఐదో పాఠానికి మీ రెండు అంకెలూ తెచ్చుకోండి: ఫిల్టర్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత. స్నార్కెల్ వెడల్పు చేయడం, పెట్టెకి వేడి తగలకుండా తొడుగు కట్టడం అప్పుడు చేద్దాం. ఈలోగా చిల్లులకి రబ్బరు బిరడాలు వేయడం మరిచిపోకండి.