ఉత్తర మిన్నెసోటా సరస్సుల అడవుల్లో క్యాబిన్ విడిదికి ఎలా సిద్ధం కావాలి?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పది ఎకరాలకు మించిన సరస్సులు 11,842 ఉన్నాయని లెక్క. వాటిలో ఈలీ పట్టణం చుట్టుపక్కల, పైన్, బర్చ్ చెట్ల నడుమ ఉన్నవాటి దగ్గరికి మినియాపొలిస్ పరిసరాల తెలుగు కుటుంబాలు కూడా సెలవులకు వెళుతుంటాయి. గుడారం వేయడం అలవాటు లేనివారికి అక్కడి స్టేట్ పార్కుల్లో, అంటే రాష్ట్ర ప్రభుత్వం నడిపే పార్కుల్లో, అద్దెకిచ్చే క్యాంపర్ క్యాబిన్లు మంచి మార్గం. అయితే క్యాబిన్ అనగానే హోటల్ గదిని ఊహించుకుని బయలుదేరినవారు మొదటి రాత్రే ఇబ్బంది పడతారు. అందులో ఉండేది చెక్క గోడలు, ఒకదానిపై ఒకటిగా అమర్చిన మంచాలు, పరుపులు, ఒక బల్ల, దోమతెర కట్టిన చిన్న వసారా మాత్రమే. కొన్నింటికి విద్యుత్తు, వేడి సదుపాయం ఉంటాయి. వంటగది, కుళాయి, స్నానాల గది ఉండవు. ఏర్పాట్లన్నీ ఈ లేని వాటిని బట్టి చేసుకోవాలి.

మొదట తేల్చుకోవలసింది నెల. ఈలీ ప్రాంతంలో సరస్సుల మీది మంచు కరిగేసరికి ఏప్రిల్ చివరో మే మొదటి వారమో అవుతుంది. ఆ తరువాత చాలా రోజుల వరకు నీరు ప్రమాదకరమైనంత చల్లగా ఉంటుంది. మే నెలాఖరు నుంచి కుట్టే నల్ల ఈగలు, జూన్, జూలైలలో దోమలు విపరీతంగా ఉంటాయి. పిల్లలు ఈత కొట్టాలంటే జూలై, ఆగస్టు తప్పవు కానీ, ఆ అవసరం లేనివారికి నా ఓటు సెప్టెంబరు రెండు, మూడు వారాలకే. అప్పటికి దోమలు తగ్గి, బర్చ్ ఆకులు పసుపు రంగుకు తిరుగుతుంటాయి. రాత్రి ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల సెల్సియస్ దాకా దిగడం మామూలే కాబట్టి, ఆ రోజుల్లో వేడి సదుపాయం ఉన్న క్యాబిన్నే ఎంచుకోవాలి. ఇంకా చలి ముదిరాక గొట్టాలు గడ్డకట్టకుండా పార్కులోని ఉమ్మడి స్నానశాలలకు నీరు ఆపేస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నెల తేలాక బుకింగ్. మిన్నెసోటా స్టేట్ పార్కుల్లో బస చేసే రోజుకు 120 రోజుల ముందు నుంచి రిజర్వేషను తీసుకోవచ్చు. జూలై 4న దిగాలనుకుంటే మార్చి 6, సెప్టెంబరు 12న దిగాలనుకుంటే మే 15 అన్నమాట. వేసవి వారాంతాలు బుకింగ్ తెరిచిన వెంటనే నిండిపోతాయి కనుక ఆ తేదీని కేలెండరులో రాసుకోవాలి. ఈలీకి సమీపంలోని బేర్ హెడ్ లేక్ స్టేట్ పార్కు మొదటిసారి వెళ్లేవారికి అనువైనది. పట్టణం దగ్గరలోనే ఉండటం వల్ల మరిచిపోయిన సరుకులు కొనుక్కోవచ్చు, అవసరపడితే ఆసుపత్రికీ చేరవచ్చు. ఒక్కో క్యాబిన్‌లో ఐదారుగురికే అనుమతి. నాలుగు కుటుంబాలు కలిసి ఒకే కప్పు కింద సర్దుకుందామనే మన అలవాటు ఇక్కడ చెల్లదు. పక్కపక్క క్యాబిన్లు రెండు తీసుకోవడమే దారి. క్యాబిన్ అద్దెతోపాటు వాహన పర్మిట్ విడిగా కొనాలి. క్యాబిన్లలోకి పెంపుడు జంతువులను రానివ్వరు, పార్కులో మద్యపానం నిషిద్ధం, రాత్రి పది నుంచి ఉదయం ఎనిమిది వరకు నిశ్శబ్దం పాటించాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన తిండికి కావాలి. క్యాబిన్‌లో కరెంటు ఉన్నా లోపల వంట చేయకూడదు. వాననుంచి తప్పించుకోవడానికి బొగ్గుల కుంపటిని వసారాలోకి తీసుకువెళ్లడం మరీ ప్రమాదం, ఎందుకంటే వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బయట బల్ల మీద పెట్టుకునే రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్, గాలిని అడ్డుకునే రేకు, ఒక కుక్కరు ఉంటే సరిపోతుంది. పోపులు, వేపుళ్లు ఇంట్లోనే ముగించుకు వెళ్లడం తెలివైన పని. మొదటి రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర చాలు. మరుసటి ఉదయానికి పోపుతో సహా వేయించిన ఉప్మా రవ్వ సంచిలో ఉంటే మరిగే నీళ్లలో పోయడమే మిగులుతుంది. మధ్యాహ్నానికి అన్నం వండి కందిపొడి, నెయ్యి, పెరుగుతో కానివ్వవచ్చు. తాగే నీటి సీసాలు కొన్నిటిని ముందే గడ్డకట్టించి కూలర్‌లో పెడితే పెరుగు చల్లగా ఉంటుంది, కరిగాక ఆ నీరే తాగడానికి పనికొస్తుంది.

ఈ తిండిని దాచే పద్ధతి వండే పద్ధతి కన్నా ముఖ్యం. అవి నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవులు. మూత గట్టిగా బిగించిన ఆవకాయ సీసా వాసన కూడా వాటి ముక్కును తప్పించుకుంటుందని నమ్మడానికి లేదు. తిన్న వెంటనే గిన్నెలు కడిగి, చెత్తను పార్కు చూపిన డబ్బాలో వేసి, కూలర్‌ను, పచ్చళ్లను, టూత్‌పేస్టును కూడా తలుపులు బిగించిన కారులో పెట్టాలి. వసారాలోని దోమతెర ఎలుగుకు అడ్డు కాదు.

నెగడుకు కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకూడదు. యాష్ చెట్లను తొలిచి చంపే పచ్చ పురుగు మిన్నెసోటాలో 2009లో బయటపడింది. అది కట్టెల వెంట ఊరూరికీ పాకుతుంది కనుక, పార్కుల్లో ఆమోదం పొందిన కట్టెలనే వాడాలి. వాటిని అక్కడే కొనుక్కోవడం సులువు. పడుకునే ముందు నెగడు మీద నీరు పోసి, కలిపి, మళ్లీ పోసి, వేడి తగలడం లేదని తెలుసుకోవాలి.

సర్దుకోవలసిన సామానులో పరుపు మీదికి దుప్పట్లు లేదా స్లీపింగ్ బ్యాగులు, దిండ్లు, తలకు కట్టుకునే లైట్లు మొదటివి. మరుగుదొడ్డి కాస్త దూరంలో ఉంటుంది, రాత్రి దారి చీకటి. నూలు బట్టలు తడిస్తే చలిని ఆపలేవు. ఉన్ని లేదా ఫ్లీసు స్వెట్టరు, వాన కోటు ఆగస్టులో కూడా ఉండాలి. దోమలకు డీట్ కలిసిన మందు పనిచేస్తుంది.

పడవ అద్దెకు తీసుకుంటే పదేళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలన్నది చట్టం. పెద్దలు వేసుకోకుండా పిల్లలకు మాత్రం చెప్పడం కుదరదని నా అభిప్రాయం. పదహారేళ్లు నిండినవారు గాలం వేయాలంటే సాధారణంగా లైసెన్సు కావాలి. సొంత పడవ ఉంటే ఒడ్డుకు చేర్చగానే నాచు తీసి, నీరంతా వంచేయాలి. లేకపోతే జీబ్రా మసెల్ అనే చారల ఆల్చిప్ప వంటి పరాయి ప్రాణులు ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు చేరతాయి.

ప్రయాణానికి మినియాపొలిస్ నుంచి నాలుగు గంటలకు పైగా పడుతుంది. డులూత్ మీదుగా 53వ రహదారిపై వర్జీనియా అనే పట్టణానికి, అక్కడి నుంచి 169వ రహదారి మీద టవర్ అనే ఊరి దిశగా వెళ్లాలి. చివరి భాగంలో ఫోన్ సిగ్నల్‌ను నమ్మలేము; మ్యాపును, రిజర్వేషను కాగితాన్ని ముందే దింపుకోవాలి. మునిమాపు వేళ జింకలు రోడ్డు దాటుతుంటాయి కనుక వెలుతురుండగానే చేరేలా బయలుదేరాలి. జూన్‌లో రాత్రి తొమ్మిది వరకు వెలుగుంటుంది కానీ, సెప్టెంబరు మధ్యలో ఏడుంబావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు.

ఖాళీ చేసే ఉదయం గది ఊడ్చి, బల్ల తుడిచి, చెత్త బయటికి చేర్చాలి. చివరి పని ఇంటికి వచ్చాక ఉంటుంది. మన పశువులకు పట్టే గోమార్ల జాతికి చెందిన టిక్ అనే పురుగు ఆ అడవుల్లో లైమ్ జబ్బును మోసుకొస్తుంది. మోకాళ్ల వెనుక, చంకల్లో, పిల్లల జుట్టులో, చెవుల వెనుక వెతికి, కరుచుకుని కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిలువుగా లాగేయాలి. వేసుకున్న పొడి బట్టలను ఉతకడానికి ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే వాటిలో దాగిన టిక్‌లు చస్తాయి.