మన ఎంపీ సభలో ఏం చేశారో తెలుసుకోవడం ఎలా?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఎంపీల గురించి కావలసినన్ని కబుర్లు వినిపిస్తాయి. వాటిలో నిజమెంతో తేల్చుకోవాలంటే కాగితాలు చూడాలి. అవి ఫోన్‌లోనే దొరుకుతాయి.

ముందుగా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అభ్యర్థుల అఫిడవిట్ల విభాగం తెరిచి, ఎన్నికను, రాష్ట్రాన్ని, నియోజకవర్గాన్ని ఎంచుకోండి. నామినేషన్‌తో పాటు దాఖలు చేసే ఫారం 26లో విద్యార్హత, వృత్తి, ఆస్తులు, అప్పులు, పెండింగ్ కేసులు ఉంటాయి. ఆ అభ్యర్థి 2019లోనూ పోటీ చేసి ఉంటే, అప్పటి అఫిడవిట్‌ను 2024 నాటి దానితో పక్కపక్కన పెట్టి చదవండి. ఆస్తి పెరిగినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. భూముల విలువ పెరగడమూ కారణం కావచ్చు, అమరావతి చుట్టుపక్కల ఉన్నవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. కేసుల విషయంలోనూ అంకె చూసి ఆగిపోకుండా సెక్షన్లు చదివితే, అది ధర్నాలో పెట్టిన కేసో మోసం కేసో తెలుస్తుంది.

తర్వాత లోక్‌సభ వెబ్‌సైట్‌లో సభ్యుని పేరుతో వెతికి, ప్రశ్నలు, చర్చలు, హాజరు చూడండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ 2024 జూన్ నుంచి కేంద్ర సహాయ మంత్రి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. కాబట్టి ఆ గడులు ఖాళీగా ఉన్నాయని ఆయన సభకు రాలేదనుకోవడం సరికాదు.

ఓట్ల సంగతి మరీ చిక్కు. ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో అవుననో కాదనో చెప్పడంతో, ఆమోదం పొందుతాయి గనుక ఎవరు ఎటు ఓటేశారో నమోదు కాదు. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో గట్టెక్కింది కూడా అలాగే. డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటునూ లెక్కించడం, జరిగినప్పుడే లెక్క తేలుతుంది. మహిళా రిజర్వేషన్ బిల్లుకు 2023 సెప్టెంబరు 20న అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు వచ్చాయి. అయితే డివిజన్‌లో పడిన ఓటును కూడా సభ్యుని సొంత అభిప్రాయంగా తీసుకోకండి: 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ విప్‌ను (ఎటు ఓటేయాలో చెప్పే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. అందుకే సొంత వైఖరి తెలియాలంటే ఓటు కంటే చర్చల ప్రతులే ఎక్కువ అక్కరకొస్తాయి; పోలవరం, రైల్వే జోన్, రాజధాని వంటి మాటలతో వెతికి, ఆ సభ్యుడు ఏ తేదీన ఏమన్నారో, పార్టీ మారి ఉంటే మారక ముందు ఏమన్నారో చదవండి.