పెరటికి చెక్క దడి – 3వ పాఠం: సందు లెక్క, బద్దల బిగింపు

పోయిన పాఠంలో 2 అంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) చదరపు పైపులు గుంజలుగా పాతి కాంక్రీటు పోశాం. వారం దాటింది కదా, ఒక్కో గుంజనూ రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. పిసరంత కదిలినా ముందు దాని సంగతి చూడాలి. కదలకపోతే బద్దలు బయటికి తీయండి.

ఈ దడికి అందం తెచ్చేది, అడ్డంగా బిగించే బద్దకీ బద్దకీ మధ్య వదిలే సందు. బద్ద ఎంత మంచి టేకుదైనా, సందు ఒకచోట అరంగుళం, ఇంకోచోట ముప్పావు ఉంటే గేటు తీసిన ప్రతివాళ్ల కన్నూ అక్కడికే పోతుంది. సందుతో అందం ఒక్కటే కాదు, పని కూడా ఉంది. తుఫాను గాలికి సందుల్లేని దడి తెరచాపలా నిలబడి ఆ బరువంతా గుంజల మీద వేస్తుంది. సందులుంటే గాలి వాటిలోంచి జారిపోతుంది. వాన వెలిశాక బద్ద నాలుగువైపులా ఆరుతుంది కూడా. ఆరిన చెక్కకు ఆయుష్షు ఎక్కువ.

ఇప్పుడు లెక్క. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మన గుంజ నేలపైన 60 అంగుళాలు. బద్ద వెడల్పు రెండున్నర, సందు అర. అంటే ఒక బద్ద, ఒక సందు కలిపి 3 అంగుళాలు. 19 బద్దలు వేస్తే సందులు 18 వస్తాయి, 19 కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. బద్దలకు 47.5, సందులకు 9, మొత్తం 56.5 అంగుళాలు. 60లోంచి తీసేస్తే అడుగున మిగిలేది మూడున్నర. ఆ ఖాళీ అలాగే ఉండాలి. నేలకు ఆనిన చెక్క చెదకు మెట్టు వేసినట్టే. ఖాళీ ఉంటే చెద గుంజ వెంట మట్టి కట్టుకుంటూ ఎక్కినా మన కంటపడుతుంది, చీపురుతో దులిపేయొచ్చు.

మీ గుంజ ఎత్తు వేరైతే సందును మార్చి చూడండి, బద్దను చీల్చకండి. పైన సన్నటి ముక్కతో ముగిసిన దడి అతుకు వేసిన చొక్కాలా ఉంటుంది.

ముందు నిలువు రీపర్లు, అంటే బద్దలు బిగించడానికి ఆసరాగా ఉండే చెక్క పట్టీలు. 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్న రీపర్‌ను ఒక్కో పైపుకీ ముందువైపు మూడు బోల్టులతో బిగించండి. కింద కొన నేలకు 2 అంగుళాలు పైన ఆగాలి. వెడల్పు మూడు ఎందుకంటే, అటు బద్ద కొన, ఇటు బద్ద కొన రెండూ దాని మీదే కలుస్తాయి. చెరి ఒకటిన్నర అంగుళం ఆసరా దొరుకుతుంది. గుంజల మధ్య 6 అడుగులుంది కాబట్టి ముప్పావు అంగుళం మందం బద్ద ఎండలకు విల్లులా వంగుతుంది. అందుకని నట్టనడుమ వెనకవైపు ఇంకో రీపర్ ఉండాలి. అదీ నేలను తాకకూడదు.

బద్దలు అడితి నుంచి తెచ్చినరోజే బిగించొద్దు. నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, కనీసం రెండు వారాలు ఉంచండి. చెక్క నిడివిలో దాదాపు మారదు గానీ ఆరేకొద్దీ వెడల్పు తగ్గుతుంది. పచ్చిగా బిగిస్తే వేసవికి మీ అరంగుళం సందు కంటికి తెలిసేంత పెరుగుతుంది. పాత ఇళ్లు పడగొట్టినచోట దొరికే టేకు దూలాలు కోయించుకుంటే ఈ బాధ చాలా తక్కువ, ఎన్నో ఏళ్లుగా ఆరిన చెక్క అది. నేనైతే వీలున్నప్పుడల్లా దాన్నే వెతుకుతాను. కోతకు ఇచ్చేముందు పాత మేకులన్నీ పీకించండి.

అరంగుళం మందం ప్లైవుడ్‌లోంచి అరచేయంత ముక్కలు మూడు కోసుకోండి. సందు కొలిచేది ఇవే, టేపు కాదు. మొదటి బద్దను అడుగున రసమట్టం పెట్టి సరిచూసి బిగించండి. దాని మీద మూడు ముక్కలూ పడుకోబెట్టి రెండో బద్దను వాటి మీద ఆనించండి. బరువు ముక్కల మీద ఉంటుంది కాబట్టి ఒక్కరే చేసుకోవచ్చు. నాలుగు బద్దలకోసారి మాత్రం టేపు తీసి రెండు కొసల దగ్గరా ఎత్తు కొలవండి. ఒక్కో సందులో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా పైకి వెళ్లేసరికి 18 మిల్లీమీటర్లు అవుతుంది.

ఇప్పుడు స్క్రూ. కొన నుంచి ముప్పావు అంగుళం లోపలికి, పైన ఒకటి, కింద ఒకటి, ఒకదాని కిందే ఒకటి కాకుండా కాస్త ఏటవాలుగా గుర్తు పెట్టండి. రెండూ ఒకే పోగు మీద పడితే చెక్క ఆ గీత వెంటే చీలుతుంది. బద్దలో నాలుగున్నర మిల్లీమీటర్ల బిట్టుతో ఆరపార, రీపర్‌లో 3 మిల్లీమీటర్ల బిట్టుతో కన్నం వేయండి. 8వ నంబరు, 2 అంగుళాల స్క్రూ బద్దలోంచి వదులుగా దూరి రీపర్‌లో కరుచుకోవాలి. డ్రిల్‌తో ముప్పావు వంతు దింపి, మిగతాది చేత్తో తిప్పండి. స్క్రూ తల చెక్కతో సమానం కాగానే ఆపేయండి. ఇంకా లోపలికి దిగితే అక్కడ చిన్న గుంట పడి నీళ్లు నిలుస్తాయి. పక్కపక్క బద్దల కొనల మధ్య 3 మిల్లీమీటర్లు వదలండి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. నా మొదటి దడి నల్లతుమ్మది. డబ్బు మిగులుతుందని మామూలు ఇనుప మేకులు కొట్టాను. మొదటి వానకే ప్రతి మేకు కిందా కాటుక కారినట్టు నల్లటి చార. ఎంత రుద్దినా పోలేదు, చాలా బాధేసింది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేది ఇలాగే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో గీస్తారు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి గీత నల్లబడుతుంది. తుమ్మలోనూ ఆ వగరు ఉంది, టేకూ మినహాయింపు కాదు. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపుటూళ్లలో ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం బదులు 316 రకం అడగండి, ఉప్పుగాలికి అది బాగా తట్టుకుంటుంది.

రెండు పనులు బిగించకముందే చేయాలి. ప్రతి బద్ద పై అంచునూ చిత్రికతో ఒకసారి లాగి, నీరు ముందుకు జారేలా కాస్త వాలు ఇవ్వండి. కోసిన కొనలకు రెండుసార్లు లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పట్టించండి. కొన దగ్గర చెక్క పోగులు తెరుచుకున్న గొట్టాల్లా ఉంటాయి, నీళ్లు తాగేది అక్కడే. మొదటి పూత క్షణంలో పీల్చేస్తుంది చూడండి, అందుకే రెండోది.

వచ్చే పాఠంలో దడి మొత్తానికి పూత వేద్దాం. అప్పటిదాకా వానొస్తే టార్పాలిన్ కప్పండి, ఎండ రాగానే తీసేయండి. మల్లెతీగను మాత్రం ఇప్పుడే దడికి పాకించకండి. పక్కన ఒక కర్ర పాతి దానికి కట్టండి.